గోదావరిఖనిలో ఇటలీ పటం

హైదరాబాద్‌లో పాత వస్తువులు అమ్మే ఒక వ్యాపారి నన్ను గోదావరిఖని వెళ్లి రమ్మన్నాడు. అక్కడ ఒక చిన్న ప్రార్థన మందిరంలో క్రీస్తు పుట్టుక పటం ఉందట. అది అయిదు వందల ఏళ్ల కిందటి ఇటలీ పని అని ఆయన నమ్మకం. నేను చూసి ఎవరి చేతి పనో తేల్చి రాసిస్తే మందిరం వాళ్లు అమ్ముతారు, ఆయన కొంటాడు. నేను ఒక మ్యూజియంలో పాత పటాలు శుభ్రం చేసే పని చేసి రిటైరయ్యాను. నేను నెలల తరబడి కూర్చుని మసి వదిలించిన పటం కింద ‘శుభ్రం చేసినవారు’ అని మా ఆఫీసరు పేరు పెట్టారు. దాని మీద నేను రాసిన ఉత్తరాలన్నిటికీ కలిపి ‘మీ ఉత్తరం అందినది’ అని ఒక్క జవాబు వచ్చింది. అందుకే ఏ పని ఎవరిదో తేల్చమంటే నేను ఎక్కడికైనా బయలుదేరతాను. పైగా నేను పుట్టింది కూడా అటువైపే, రామకృష్ణాపూర్ బొగ్గు గని క్వార్టర్లలో.

ఉదయం సికింద్రాబాద్‌లో రైలెక్కాను. నా కిటికీ సీటులో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. టికెట్ చూపించాను.

“గాలి నా దగ్గర్నే ఆగుతదా బిడ్డా? నీ దాక వస్తది, కూసో,” అంది. కాసేపటికి నా వైపు చూసి, “మొఖం గట్ల వెట్టుకోకు, గీ జామపండు తిను,” అని చేతిలో పెట్టింది.

తిన్నాను. తియ్యగానే ఉంది. సీటు సంగతి వేరు.

మధ్యాహ్నానికి రామగుండంలో దిగాను. వెళ్లేవాళ్లకు ఒక సలహా: స్టేషన్ బయట షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చోకండి. గోదావరిఖని దాకా నా కుడికాలు రోడ్డు మీదే ప్రయాణం చేసింది. “సగం బయటనే ఉన్నరు గద సారు, సగం కిరాయే ఇయ్యిండ్రి,” అని డ్రైవర్ అందరినీ నవ్వించాడు. దిగేటప్పుడు మాత్రం పూర్తి కిరాయి తీసుకున్నాడు. చౌరస్తా దగ్గర మెస్సులో భోజనం బాగుంది. అప్పడాలు అయిపోయాయని నాకు వేయలేదు. పక్కాయన కంచంలో రెండున్నాయి.

మొదటి షిఫ్టు దిగినవాళ్లతో రోడ్డు నిండిపోయే వేళకు మందిరం చేరుకున్నాను. అది కాలనీ చివర పెద్ద గది. దాని బాగోగులు చూసే శాంతక్క తాళం తీసింది. ఆమెది యాభై దాటిన వయసు, మాటలో మెత్తదనం లేదు.

“మ్యూజియం సారంటే కోటు వేసుకొస్తడనుకున్న,” అంది నన్ను ఎగాదిగా చూసి.

విషయం కూడా ఆమే చెప్పింది. పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని ఇటువైపే వస్తోంది, కాలనీ ఖాళీ చేయాలి. మందిరం వేరే చోట కట్టుకోవాలి. “పటం అమ్ముడువోతే స్లాబు ఏస్తం. లేకుంటె రేకుల షెడ్డే. వానొస్తె పాట ఇనవడది, ఎండొస్తె పాటే రాదు. ఇగ మీ రాతల ఉన్నది సారు.”

ఆమె వెనకే కర్ర ఊతంగా దానియేలు కాక వచ్చాడు. గనిలో పనిచేసి దిగిపోయినవాడు, ఇప్పుడు మందిరం పెద్ద. పటం కథ ఆయన చెప్పాడు. గనికి వచ్చిన ఇంగ్లండ్ ఇంజినీరు భార్య తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చిపోయిందట. మోసుకొచ్చింది శాంతక్క తండ్రి యేసుదాసు. గనిలో సర్దార్‌గా చేసిన ఆయన ఇప్పుడు లేడు.

పటం చెక్క మీద ఉంది, కాటుక పూసినంత నల్లగా ఉంది. వ్యాపారిని మోసం చేసింది ఆ నలుపే అనుకున్నాను. ఆ గోడ కిటికీకి అవతలే ఎన్నో ఏళ్లు బొగ్గు పొయ్యి ఉండేదట. మా వైపు బొగ్గు పొయ్యి పక్కన పదేళ్లుంటే ఏ పటమైనా అయిదు వందల ఏళ్లదైపోతుంది.

అయినా తొందరపడలేదు. తడి దూదితో ఒక మూల నుంచి మొదలుపెట్టాను. తల్లి ముఖం బయటపడింది. అచ్చం ఇటలీ వాళ్ల పద్ధతే: ఓరగా వంచిన తల, నీలం ముసుగు. శాంతక్క దగ్గరికి వచ్చి వంగి చూసింది. నేను దూది మార్చాను. తర్వాత గొర్రెల కాపరులు వచ్చారు. ముందున్న కాపరి చేతిలో దీపం ఉంది.

నేను చూసిన ఇటలీ పటాలలో కాపరి దీపం పసివాడి వైపు పట్టుకుంటాడు, ముఖం కనబడాలి కదా. ఈ కాపరి పసివాడిని చూడనే లేదు. వత్తి బాగా తగ్గించి, దీపాన్ని పాక పైకప్పుకు ఆనించి, మంటనే చూస్తున్నాడు. రెండో చేతిలోని కర్రతో కప్పును తడుతున్నాడు.

మా నాయన కూడా సర్దారే. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోయి, దీపం పైకెత్తి మంటను బట్టి గ్యాసు ఉందేమో, కర్రతో కొట్టి కప్పు గట్టిగా ఉందేమో చూసేవాడు. ఆయన సరే అంటేనే మిగతావాళ్లు అడుగుపెట్టేవాళ్లు. మా అక్క పెళ్లి మాటలకు పోయినప్పుడు కూడా పిల్లవాడి కంటే ముందు వాళ్ల ఇంటి దూలాలు చూశాడు.

“అక్కా, ఇది గీసింది సర్దారు,” అన్నాను.

“ఏ సర్దారు?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆమె కాక వైపు తిరిగింది. కాక పటంలోని కర్ర వైపు చూస్తున్నాడు.

“కాకా, ఎరికేనా నీకు?”

“గిది ఎరికలేదు బిడ్డా. గంతకు ముందటేడు మీ నాయన ఒక బొమ్మ గీసి తెచ్చిండు. సర్దారుకు దేవుని బొమ్మతోని ఏం పని అని మేమే వాపస్ పంపినం. మల్లొచ్చే ఏడు గిది తెచ్చి, దొరసాని ఇచ్చిందన్నడు. గోడకు ఎక్కిచ్చి మొక్కినం.”

అంతలో వ్యాపారి ఫోన్ చేశాడు. ఇద్దరూ వినాలని స్పీకర్ పెట్టి సంగతి చెప్పాను.

“తల్లి ముఖం ఇటలీ పద్ధతేనని మీరే అన్నారు కదా! ‘ఇటలీ పని కావచ్చు’ అని రాయండి, చాలు. దీపం మీద మళ్లీ కొంచెం మసి ఉంటే నష్టమేముంది?” అన్నాడు.

నేను శాంతక్క వైపు చూశాను. స్లాబు ఆమెది, రాత నాది. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“అప్పుడు దొరసాని పేరు వెట్టిన్రు. ఇప్పుడు ఇటలీ పేరు వెడ్తరా? మా నాయన పేరు ఎప్పుడు వెడ్తరు?” అని ఫోన్ పెట్టేసింది. తర్వాత కాకతో, “రేకులు జర మందంగున్నవి తెద్దాం,” అంది.

పటం కింది అంచున పేరు రాసే పని నాకే అప్పజెప్పారు. ‘గీసినవారు: సర్దార్ యేసుదాసు.’ కాక కళ్లద్దాలు సవరించుకుని చదివి, “లైను జర వంకర వోయింది సారు,” అన్నాడు. వంకర పోలేదు. ఆయన వంగి చూశాడు.

రాత్రి తిరుగు రైలులో కిటికీ దొరికింది, బయట చీకటి. యేసుదాసు గురించే ఆలోచించాను. ఆదివారం ఆదివారం ఆ పటం కిందే కూర్చుని, జనం దొరసానిని పొగుడుతుంటే ఆయన కూడా తల ఊపేవాడని కాక చెప్పాడు. నేనైతే మొదటి ఆదివారమే లేచి అరిచేవాడిని.

గోదావరిఖని వెళ్లేవాళ్లు ఆ మందిరానికి తప్పక వెళ్లండి. కొత్త చోట రేకుల షెడ్డే ఉంటుంది, వాన పడితే శాంతక్క చెప్పినట్టు పాట వినబడదు. భయపడకండి. ఆ కాపరి దీపం పెట్టి, కర్రతో కొట్టి కప్పు చూసే ఉంటాడు. కింద కూర్చోవచ్చు.