పొయ్యి లేని పొగ

హరనాథబాబు వెనకగదిలో సారా కాస్తాడని, కాసింది తానే తాగుతాడని బాన్సువాడ బస్టాండులో టీ కొట్టు మంగ్యా ఒట్టేసి మరీ చెప్పేవాడు.

"పొయ్యి లేదు, కట్టె లేదు. ఎనక అర్ర కిటికీలకెళ్లి పొగ మాత్రం వస్తది. ఎప్పుడు సూడు, మూతికి తువ్వాల కట్టుకోని లోపటికి పోతడు. కొట్టం ఎనక కక్కుతుంటే నా కండ్లతోని సూసిన. ఇగ సారా గాకుంటే ఏంది, తీర్థమా?"

మంగ్యా చూసినవన్నీ నిజాలే. వాటిని కలిపి కుట్టడంలోనే తేడా వచ్చింది.

హరనాథబాబుకు ఉన్నది సారా పిచ్చి కాదు. ఇంట్లో చేయగలిగిన వస్తువును బజార్లో కొనడం ఆయన దృష్టిలో పరువు తక్కువ. ఇంట్లో చేయలేని వస్తువంటూ లేదని ఆయన నమ్మకం. చిక్కల్లా ఒకటే. ఆయన చేసిన దాదాపు ప్రతి యంత్రమూ చెప్పిన పని మానేసి ఇంకేదో చేసేది.

ఆయన, భార్య కనకరత్నం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద వరి పండించేవారు. మా ఇల్లు వాళ్ల పక్కనే. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయాక పగలంతా వాళ్లింట్లోనే ఉండేదాన్ని. బాబాయి, పిన్ని అని పిలిచేదాన్ని. నేను పెద్దగా మాట్లాడను కనుక నా ముందు అందరూ ధారాళంగా మాట్లాడేవారు.

ఒకసారి బాబాయి కుట్టుమిషను మోటారుతో పిండి రుబ్బే యంత్రం చేశాడు. స్విచ్చి వేయగానే పిండంతా పైకి లేచింది. పిన్ని నాలుగు గోడలూ కలయజూసి, "ఇడ్లీల సంగతి తర్వాత. ఈ ఏడు సున్నం వేయించక్కర్లేదు" అంది. ఆయన బాగుచేసిన రేడియోలో మరాఠీ తప్ప మరేదీ వచ్చేది కాదు. "మద్నూరు అవతల మహారాష్ట్రలో ఏం జరుగుతోందో మనకు తెలియొద్దటే?" అనేవాడు బాబాయి.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక ఉదయం, వాళ్ల పొలంలో నాట్లకు వచ్చే తండా సోనాబాయి అరుగు మీద కూలబడింది. కూతురు హీరాబాయికి నాలుగో నెల.

"ఏది తిన్నా కడుపుల ఉంటలేదమ్మా. నీళ్లు తాగినా కక్కుతుంది. గిట్లయితే తల్లికీ పిల్లకీ మంచిగుండదని దవాఖానల సిస్టరమ్మ కోపం జేసింది. ఏం తింటవే అంటే పుట్టగొడుగుల కూర అంటది. గీ ఎండల పుట్టగొడుగులు నేనేడికెళ్లి తేవాలె?"

"వానలు పడాలి కదే" అంది పిన్ని.

బాబాయి మూల కూర్చుని రేడియో విప్పుతున్నాడు. తల ఎత్తలేదు. మర్నాడు మాత్రం హైదరాబాదు బస్సెక్కాడు.

వచ్చేటప్పుడు పుట్టగొడుగుల విత్తనం సీసాలు, రుమాల్లో చుట్టిన ఒక తెల్లటి బిళ్ల తెచ్చాడు.

"వ్యాపారం!" అన్నాడు. "నిజామాబాదు హోటళ్లన్నీ ఇక మన గుమ్మం ముందే."

నానబెట్టిన వరిగడ్డిని వెనకగదిలో వరసలుగా పేర్చి మధ్యన విత్తనం చల్లాడు. గడ్డి ఎండకూడదు. నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. కాబట్టి గదిలో గాలి తడవాలి.

"పొలంలో కొట్టే స్ప్రేయరు ఉందిగా?" అంది పిన్ని.

"అది పురుగుమందు తాగిన డబ్బా. తినేవాటి మీద కొడతావా?"

"పోనీ తడిగోనెలు కడదాం."

"గోనెకు స్విచ్చి ఎక్కడుంటుందే?"

ఆ బిళ్ల ఏదో పాత ఆసుపత్రి యంత్రంలోదట, పాత సామాన్ల బజారులో దొరికిందట. కరెంటు పెడితే చెవికి అందనంత వేగంగా అదురుతుందట. దాని మీది నీళ్లు మంచులా లేస్తాయట. బాబాయి రేడియో పేగులన్నీ తీసి ఆ బిళ్లకు తగిలించి, గిన్నె అడుగున బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టాడు.

"మోత వినిపిస్తోందా?"

"లేదు బాబాయ్."

"అంటే పనిచేస్తోందన్నమాట!"

కాసేపటికి మళ్లీ. "ఇప్పుడు?"

"లేదు."

"భేష్!"

"కరెంటు పోయింది బాబాయ్."

ఎన్నోసారికో గిన్నెలోంచి తెల్లటి పొగ లేచింది. చల్లగా గదంతా పాకి కిటికీలోంచి వీధిలోకి దిగింది. ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా బాబాయి ముక్కూ నోరూ మూసుకుపోయేలా తువ్వాలు బిగించేవాడు. ఎందుకని అడిగితే, "యంత్రానికి మన ఊపిరి తగలకూడదు" అన్నాడు. కరెంటు పోయినప్పుడల్లా పిన్ని చప్పుడు కాకుండా వెళ్లి తడిగోనెలు కట్టేది. కరెంటు రాగానే విప్పేది. బాబాయి గమనించనట్టే ఉండేవాడు.

మంగ్యా మాట పట్టుకుని ఆబ్కారీ జవాను ఒకడు తనిఖీకి వచ్చాడు. గదిలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు. నాలుక బయటపెట్టి పొగ రుచి చూశాడు.

"పొగ గింత సల్లగుందేంది?"

"నీళ్లండీ."

"నీళ్లు కాస్తున్నవా?"

"కాయడం లేదు. అదరగొడుతున్నాను."

జవాను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. బయట ఎండ మండిపోతోంది. తనిఖీ పొద్దు వాలేదాకా సాగింది.

కొన్నాళ్లకు గడ్డి మీద కోడిగుడ్లలా తెల్లగా పుట్టగొడుగులు తేలాయి. పిన్ని కూర వండి సోనాబాయికి కబురు చేసింది. సోనాబాయి వచ్చి గిన్నెలోకి చూసింది, వాసన చూసింది, వెనక్కి జరిగింది.

"వాన లేదు, ఉరుము లేదు. ఇంట్ల మొలిసినయి. కడుపుతోనున్న పిల్లకు ఎట్ల పెట్టాలె? ముందుగాల మీరు తినాలె."

"నేను తింటా" అని పిన్ని చెయ్యి చాపింది.

"నువ్వు గాదమ్మా. పండిచ్చినాయన తినాలె."

బాబాయి ముఖం పాలిపోయింది. అది చూసి సోనాబాయి గిన్నె దూరంగా నెట్టేసింది.

"గట్లెందుకు సూస్తుండు? గివి మంచియి గావు. నా బిడ్డకు నేను పెట్ట."

"అది కాదే, ఆయనకు..." అని పిన్ని ఏదో చెప్పబోయింది. బాబాయి చేత్తో ఆపాడు. తువ్వాలు విప్పాడు. గిన్నెలోంచి పిడికెడు కూర తీసి, కళ్లు మూసుకుని, నమిలి మింగాడు.

"అమృతం" అన్నాడు. కళ్లు మాత్రం తెరవలేదు.

సోనాబాయి ఆయన ముఖాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. తర్వాత గిన్నెకు గుడ్డ కట్టి తండాకు బయలుదేరింది. ఆమె మలుపు తిరిగేదాకా బాబాయి నవ్వుతూ నిలబడ్డాడు. తిరగగానే పశువుల కొట్టం వెనక్కి పరిగెత్తాడు. పాల కోసం వచ్చిన మంగ్యా చూసింది అప్పుడే.

ఆ సాయంత్రం హీరాబాయి తిన్నది కడుపులో నిలిచింది. గడ్డి కాపు ఆగేదాకా గిన్నెలు తండాకే వెళ్లాయి. హోటళ్ల ఊసు మళ్లీ రాలేదు. దసరా ముందు హీరాబాయికి ఆడపిల్ల పుట్టింది. బాబాయి చేసిన యంత్రాలన్నిటిలో అనుకున్న పని చేసింది ఆ పొగ యంత్రమొక్కటే.

మంగ్యా మాత్రం టీ కొట్టు ఎత్తేసేదాకా ఆ సారా కథ చెబుతూనే ఉన్నాడు. నేనెప్పుడూ కాదనలేదు. బస్టాండులో నిలబడి మాట్లాడేంత ధైర్యం నాకు లేదు.

హరనాథబాబుకు చిన్నప్పటి నుంచీ పుట్టగొడుగుల వాసన పడదు.