హుగ్లీ మీదుగా బావ గొంతు

బావకు చక్రధర్‌పూర్ బదిలీ అయిందని తెలిసిన వారంలోనే మేమిద్దరం మాట్లాడుకోవడానికి తెచ్చుకున్న రేడియోలు రెండూ పనిచేయడం మొదలుపెట్టాయి. పనిచేయడమంటే బుసబుసమనడం, అంతే. మా అక్కా బావా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో, నేను ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకు క్వార్టర్స్‌లో. మధ్యలో హుగ్లీ నది. సోమవారం బావ రైలెక్కుతాడు. ఆ తర్వాత మా పెట్టెల బలం అతని దాకా చాలదు. ఈలోగా ఒక్కసారైనా అతని గొంతు గాలిలో నది దాటి రావాలని నా ఆశ.

"సెల్లున్నాది. బస్సెక్కితే అరగంట. మీ ఇద్దరికీ ఇదేటి రోగం?" అనేది మా ఆవిడ.

ఆ రోగం గ్రంథాలయంలో అంటింది. ఎనిమిదో తరగతి దగ్గర చదువు ఆపి డాకులో చేరినవాణ్ణి, క్రేను నడుపుతాను. షిఫ్టు దిగాక మా పేట గ్రంథాలయంలో పంఖా కింద కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, చేతికందిన ఇంగ్లీషు పుస్తకమల్లా చదివేవాణ్ణి. అలా ఒక రేడియో పుస్తకం దొరికింది. ఆ తర్వాత ఒక పాత పేపర్లో, సిటిజన్ బ్యాండు అనే కొద్దిపాటి తరంగాల మీద మాట్లాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం చెప్పిన సంగతి కనిపించింది. సామాన్యుల కోసం విడిచిపెట్టిన గాలి ముక్క! ఆ రోజు ఇంటికి నడుస్తూ ట్రామ్ తీగల పైన ఉన్న ఖాళీని కొత్తగా చూశాను.

కొత్త సెట్టు కొనే స్తోమత లేదు. పాత ఓడల సామాను అమ్మే కొట్టులో ఉప్పుగాలికి తుప్పెక్కిన జత ఒకటి ఉంది. విడదీసి ఇవ్వనన్నాడు కొట్టువాడు. అందుకని బావను లాగాను. నాకు ఆటోలోంచి తీసేసిన బ్యాటరీ, అతనికి స్కూటరు బ్యాటరీ. కేబుల్ టీవీవాడు పారేసిన వైరు ముక్కలు. తరంగం పొడవు పదకొండు మీటర్లు, ఏరియల్‌కి అందులో నాలుగో వంతు తీగ చాలు. ఈ లెక్క నేనే కట్టాను. మెటియాబ్రుజ్ దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చి, కొలిచి కోసి, మేడమీద వెదురు నిలబెట్టి దానికి కట్టాను.

పాడా క్లబ్బు, అంటే మా పేట క్లబ్బు, పెద్ద కింద నుంచి చూశాడు. ఇక్కడ ఎవరినైనా దాదా, అంటే అన్నా, అనే పిలుస్తారు. "ఏ పార్టీ జెండా దాదా?"

"జెండా కాదు దాదా, తీగ."

"తీగకోసం ఇంత వెదురా?" అని నమ్మకుండా వెళ్ళిపోయాడు. మర్నాటికి వెదురు కొసన ఎర్రజెండా ఎగురుతోంది. అది ఊగినప్పుడల్లా నా తీగా ఊగేది.

రోజూ దీపాలు పెట్టే వేళకు పెట్టె ముందు కూర్చునేవాణ్ణి. బుసలోంచి అప్పుడప్పుడు ఏదో తెలియని భాష పైకి తేలి మునిగిపోయేది. ఏ సముద్రంలోని చేపల పడవవాళ్ళో! కళ్ళు మూసుకుంటే గది గోడలు మెల్లగా నీళ్ళయిపోతున్నట్టుండేది.

బావ గొంతు మాత్రం ముక్కలుగా వచ్చేది. "ఓరె బామ్మర్దీ..." అని మొదలయ్యేది, తెగిపోయేది. మళ్ళీ "...ఇంటన్నావా?" అనేది, మళ్ళీ తెగిపోయేది. శనివారం దాకా ఇదే వరస. తీగ విప్పాను, కట్టాను, పుస్తకం మళ్ళీ తెచ్చి చదివాను.

శనివారం సాయంత్రం మా ఆవిడ గుమ్మంలో కూర్చుని కూర తరుగుతూ, "నువ్వు ఊ అన్నప్పుడల్లా ఆ బుస ఆగిపోతన్నాది, సూసుకున్నావేటి?" అంది.

నా చెయ్యి బటన్ మీదే ఉండిపోయింది. మాట్లాడాలంటే బటన్ నొక్కాలి, వినాలంటే వదలాలి. పుస్తకంలో మొదటి పాఠమే అది, నోటుబుక్కులో ఎక్కించుకున్నాను కూడా. కానీ ఎదుటివాడు చెబుతుంటే ఊ కొట్టకుండా కూర్చోవడం మా ఇళ్ళలో ఎవరికి తెలుసు? బావ నోరు తెరవగానే బటన్ నొక్కి "ఊ" అనేవాణ్ణి, అంతలో అతని మాట పోయేది. అతని బటన్ నొక్కి ఉండడంతో నా ఊ అతనికి చేరేది కాదు. ఊ వినపడక అతను ఆగిపోయేవాడు. నేను చెప్పేటప్పుడు అతనిదీ ఇదే పని.

సెల్లులో ఈ సంగతి చెబితే బావ పగలబడి నవ్వాడు. "అయితే రేపు నోరు కుట్టుకో. నాను సెప్పడం అయిపోయాక 'సెప్పు' అంతాను. అప్పుడు నొక్కు."

ఆదివారం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బావ గొంతు తెగకుండా వచ్చింది, నది నీళ్ళలో తడిసినట్టు కాస్త బరువుగా.

"యార్డులో దీపాలెట్టేరురా. సామాన్లు కట్టేసినాం. మీ అక్క లోపల గిన్నెలు సుట్టబెడతన్నాది." తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. "ఒక మాట. నిన్ను సదువు మాన్పించి డాకులో ఎట్టింది నానే. ఇంట్లో జరగడం లేదని ఎట్టీసినాను. నువ్వా పుస్తకాలు సంకనెట్టుకుని ఎల్తుంటే సూసినప్పుడల్లా..."

ఎదురుగా ఉంటే ఇక్కడే అడ్డుపడేవాణ్ణి. ఊరుకో బావా అని నవ్వేసి టీ తెమ్మని కేకేసేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా అతను ఈ మాట మొదలుపెట్టడం, నేను తుంచెయ్యడం. నా పెదవులు ఊ అంటూనే ఉన్నాయి, గదిలో ఎవరికీ వినపడకుండా. వేలు మాత్రం కదల్చలేదు.

"...నాను తప్పు సేసేననిపిస్తాది. ఇన్నాళ్ళూ నువ్వు సెప్పనివ్వనేదు." ఎక్కడో అతని వెనక లోకల్ రైలు కూత. "సెప్పు."

బటన్ నొక్కాను. ఇన్ని పుస్తకాలు చదివినా ఆ సమయానికి నోటికి వచ్చింది ఒక్కటే.

"ఊ," అన్నాను. వేలు వదిలాను.

"ఇనబడిందిరా," అన్నాడు బావ.