మా చెక్కభజన జట్టుకు వచ్చిన వీసా

మా నాన్న చెక్కభజన గురువు. కుప్పం నుంచి రామకుప్పం దాకా చేతిలో చెక్కలు, కాళ్ళకు గజ్జెలతో ఎగిరేవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. నేను పుంగనూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. అందుకే హంగేరీలో జరిగే జానపద కళల ఉత్సవానికి జట్టును రమ్మని పిలుపు వచ్చినప్పుడు కాగితాల పనంతా నా నెత్తిన పడింది. హంగేరీ తర్వాత ఆస్ట్రియాలో ఒక ప్రదర్శన, ఇటలీలో ఒకటి. మూడు దేశాలకు మూడు వీసాలు కావాలేమోనని మొదట భయపడ్డాను. మదనపల్లెలో విమానం టికెట్లు తీసిచ్చే ఆఫీసుకు వెళ్ళి అడిగితే, ఒక్కటి చాలన్నారు. ఎక్కడ ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికి అర్జీ పెట్టుకోవాలి. వాళ్ళిచ్చే వీసాతో చుట్టుపక్కల దేశాలన్నీ తిరగొచ్చు.

ఒక ఆదివారం రిహార్సల్ అయ్యాక జట్టును కూర్చోబెట్టి ఇదే చెప్పాను. "ఇవన్నీ కలిసి ఒక్క ఇల్లనుకోండి. వీధి వాకిట్లో ఒకసారి అడుగుతారు. లోపల గదులకు తలుపులుండవు."

అందరూ తలలూపారు. మద్దెల వాయించే అన్న ఒక్కడే ముందుకు జరిగాడు. ఆయనకు నలభై దాటాయి. రామకుప్పం దగ్గర అడవి అంచున చేను. వరసగా రెండేళ్ళు కోతకొచ్చిన రాగిపైరును ఏనుగులు తొక్కేశాయి. మా నాన్న దగ్గర చిన్నప్పటి నుంచి ఉన్నాడు కాబట్టి నాకు సొంత అన్న కిందే లెక్క.

"అయితే నడిమిన ఎవురూ అడగరా అమ్మా?"

"పెద్దగా అడగరన్నా. పాస్‌పోర్టు మాత్రం దగ్గరుండాలి."

"మరి బయటికి వచ్చేటప్పుడు?"

"అప్పుడు చూస్తారు. ఉండమన్న రోజుల కన్నా ఒక్కరోజు ఎక్కువైనా అక్కడ దొరికిపోతాం."

"బయటికే రాకుంటే?"

కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత రిహార్సళ్ళకు వి.కోట నుంచి ఒకాయన రావడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. భజనంటే ఇష్టమన్నాడు కానీ ఆట మీద ఆయన చూపు నిలిచేది కాదు. ఒకరోజు నన్నే అడిగాడు. "మీ జట్టు వీసా ఇటలీకి కూడా చెల్తాదా అమ్మా?" చెల్లుతుందన్నాను. "అదే, అదే" అంటూ మద్దెలన్న పక్కకు వెళ్ళి కూర్చున్నాడు. తర్వాత వాళ్ళిద్దరూ గోడవారన నిలబడి మాట్లాడుకోవడం చాలాసార్లు చూశాను. ఆయనెవరని మద్దెలన్నను అడిగితే, తెలిసినాయనే అన్నాడు.

బెంగళూరులో వేలిముద్రలు తీసుకునే రోజు అందరివీ చకచకా అయిపోయాయి. మద్దెలన్న వేళ్ళను మాత్రం యంత్రం గుర్తుపట్టలేదు. మద్దెల దెబ్బకూ మడక దున్నడానికీ ఆ వేళ్ళ మీది గీతలన్నీ అరిగిపోయాయి. కౌంటరులో అమ్మాయి తుడిచి పెట్టమంది, నొక్కి పెట్టమంది. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. చివరికి ముద్ర పడినప్పుడు ఎంత గట్టిగా ఊపిరి వదిలాడంటే, పక్క కౌంటరువాళ్ళు కూడా తిరిగి చూశారు. వీసా ఇంతగా కోరుకుంటున్నాడా అని నాకు వింతగా అనిపించింది.

హంగేరీలో మా ఆటను జనం నిలబడి చూశారు. ఆస్ట్రియాలోనూ అంతే. మా నాన్న అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అందరి పాస్‌పోర్టులూ నా సంచిలోనే ఉండేవి. ఆస్ట్రియా నుంచి ఇటలీకి రైలెక్కాక మద్దెలన్న నా సీటు దగ్గరికి వచ్చాడు.

"నాది ఒకసారి ఇయ్యమ్మా. వీసా అంటించిన కాగితం సూసుకుంటా."

ఇచ్చాను. రైలు సరిహద్దు దాటింది. కిటికీలో ఊళ్ళ పేర్లు వేరే భాషలోకి మారాయి, అంతే. ఎవరూ రాలేదు, ఏమీ అడగలేదు. ఆయన అద్దానికి నుదురు ఆనించి బయటికే చూస్తున్నాడు. పాస్‌పోర్టు తిరిగి ఇమ్మని అడుగుదామనుకుంటూనే నిద్రలోకి జారాను.

ఒక పెద్ద స్టేషన్లో దిగి వేరే రైలు పట్టుకోవాలి. మరుగుదొడ్డికి పోయొస్తానని మద్దెలన్న వెళ్ళాడు. మద్దెలను బెంచీ మీద జాగ్రత్తగా ఆనించి మరీ వెళ్ళాడు. మా రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. కుర్రాళ్ళు స్టేషనంతా వెతికారు. ఫోను చేస్తే స్విచాఫ్. మా నాన్న మాత్రం వెతకలేదు. మద్దెల పక్కనే కూర్చుని దాని మీద చెయ్యి వేసుకున్నాడు.

"వాడు రాడు పాపా" అన్నాడు. "మద్దెలను ఎప్పుడన్నా ఇడిసిపెట్టి పోయినాడా వాడు?"

మమ్మల్ని పిలిచిన సంస్థ తరఫున హంగేరీ నుంచి మాతోనే వస్తున్న ఒకావిడ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటిదాకా మాతో కలిసి అన్నం తిన్న మనిషి, ఆ క్షణం నుంచి మా కళ్ళలోకి చూడడం మానేసింది. ఆ సాయంత్రం మద్దెల లేకుండానే ఆడాం. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం అధికారి మా జట్టు కాగితం చూసి, ఒకరు తక్కువున్నారే అన్నాడు. పోలీసులకు చెప్పామని నేను చెబుతుంటే నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

ఊరికొచ్చాక ఆయన భార్య దగ్గరికి వెళ్ళాం. ఆమెకు ముందే తెలుసేమోనని నా అనుమానం. కాదు. మమ్మల్ని చూసి, మా వెనక ఆయన కోసం చూసింది. "యాడమ్మా మా ఆయన?" అంది. స్టేషన్లో జరిగింది చెప్పాను. వి.కోట ఆయన ఫోను మోగడం లేదు. వి.కోటలో ఆయనకున్న ఏజెంటు ఆఫీసుకు వెళ్తే తాళం.

నెలలు గడిచాయి. మరుసటేడు మళ్ళీ పిలుపు వచ్చింది కానీ వీసాలు ఇవ్వలేదు. తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదని కాగితంలో రాశారు. మా నాన్న ఆ కాగితం మడిచి నా చేతికిచ్చి చెక్కలు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే ఒక మధ్యాహ్నం మద్దెలన్న భార్య ఏడుస్తూ నా స్కూలుకు ఫోను చేసింది. "మాట్లాడినాడమ్మా. గుసగుసగా మాట్లాడినాడు. ఎవురో వస్తాండారని పెట్టేసినాడు." ఆ నంబరుకు నేను రోజూ ప్రయత్నించగా ఒకరోజు ఎత్తాడు.

వి.కోట ఆయన పంపగా స్టేషన్లో కలిసినవాడు మొదట పాస్‌పోర్టు తీసుకున్నాడట. ఇటలీ దక్షిణాన ప్లాస్టిక్ గుడారాల కింద టమోటా తోటలు. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా కాయ కోయాలి. బయటికి పోతే పోలీసులు పట్టుకుంటారు, వీసా గడువు దాటిపోయిందని బెదిరింపు.

"మదనపల్లె మార్కెట్టులో కూడా ఇన్ని టమోటాలు సూల్లేదమ్మా" అన్నాడు.

"అన్నా, గడువు దాటడం తప్పే. కానీ దానికి నిన్ను చంపరు, వెనక్కి పంపుతారు. మన దేశం ఎంబసీకి వెళ్ళు. పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి రావడానికి ఒక కాగితం ఇస్తారు."

"నిజమా?" అన్నాడు. తోటలో పని చేయించేవాళ్ళు ఇన్నాళ్ళూ ఆయనకు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పారు.

పక్క తోటలో సరైన కాగితాలతో పనిచేసే పంజాబీ ఆయన ఒకరు సాయం చేశారు. ఒక ఆదివారం తన కారులో తీసుకెళ్ళి రోముకు బస్సెక్కించారు. అక్కడి మన ఎంబసీ ఇచ్చిన కాగితంతో మద్దెలన్న బయల్దేరాడు. విమానాశ్రయంలో ఆయన వేలిముద్రలు తీసుకుని, కొన్నేళ్ళ దాకా ఆ దేశాల్లో ఎక్కడా అడుగుపెట్టకూడదని రాసిచ్చారు.

కుప్పం స్టేషన్లో రైలు దిగిన మనిషిని ఆయన భార్య వెంటనే గుర్తుపట్టలేదు. మా నాన్న మద్దెలన్న భుజం పట్టుకుని కారు దాకా నడిపించాడు.

నాలుగు రోజుల తర్వాత మద్దెలన్నే పుంగనూరు వచ్చాడు. "వాయల్పాడు పక్క పిల్లోడు ఒకడు ఇంకా ఆడే ఉండాడమ్మా. నాకన్నా ముందే వచ్చినాడు. వాళ్ళింట్లో చెప్పల్ల."

మదనపల్లె మీదుగా వాయల్పాడు వెళ్ళి, అక్కడి నుంచి ఆ పల్లె వెతుక్కున్నాం. పిల్లవాడి తల్లి మమ్మల్ని నవ్వుతూ లోపలికి పిలిచింది. కొడుకు గురించి వచ్చామనగానే కుర్చీలు తుడిచి వేసింది.

"మావోడు బాగుండాడప్పా. వారం వారం ఫోన్లో మాట రికార్డు చేసి పంపిస్తాడు. ఇనండి కావాలంటే."

ఆమె ఫోను మా ముందు పెట్టి నొక్కింది. కుర్ర గొంతు తడబడకుండా పలికింది. "అమ్మా, బాగుండాను. పని బాగుండాది. తిండి బాగుండాది. దిగులు పడొద్దు."

"సూసినారా?" అందామె.

మద్దెలన్న తల వంచుకుని కూర్చున్నాడు. "తోట మేస్త్రీనే పక్కన నిలబడి చెప్పిస్తాడమ్మా" అన్నాడు మెల్లగా. "కొత్తగా వచ్చినోళ్ళ దగ్గర ఒకేసారి శానా చెప్పించి పెట్టుకుంటాడు. తర్వాత వారానికొకటి పంపిస్తాడు. నన్నూ చెప్పమన్నాడు, నేను ఒప్పుకోలేదు. నేను ఆడినుంచి బయల్దేరేటప్పటికి మీవోడు మా షెడ్డులో లేడు. యాడికి మార్చినారో నాకు తెలీదు."

ఆమెకు అర్థం కాలేదు. కాసేపు ఆయన ముఖంలోకి, కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత ఫోను చేతిలోకి తీసుకుని, కొడుకు గొంతును మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.