పొగాకు మండెకు ఫైరింజన్

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను కోనసీమలో స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా వేశారు. అగ్నిమాపక శాఖలో ఒక స్టేషను బాధ్యత మొత్తం చూసే హోదా అది. కొబ్బరి పీచు, గడ్డిమేట్లు, వంట గ్యాసు: మాకు వచ్చే పిలుపులన్నీ దాదాపు వీటి గురించే.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక ఉదయం, కొత్తపేట వైపు ఒక లంక ఊరి నుంచి ఫోను వచ్చింది. పెంకుటింటి వెనక కొట్టులోంచి పొగ వస్తోందని, పక్కనే రెండు తాటాకిళ్లున్నాయని ఎవరో ఆడమనిషి చెప్పింది. గంట కొట్టి బయలుదేరాం.

చేరేసరికి కొట్టు చూరు కింద నుంచి పొగ తెల్లగా లేస్తోంది. గుమ్మానికి అడ్డంగా ఇంటాయన వెంకటరత్నం గారు రెండు చేతులూ చాచి నిలబడ్డారు. మస్కట్‌లో చాలాకాలం డ్రైవరుగా చేసి వచ్చి, తన చుట్టలు తానే చుట్టుకోవాలన్న సరదాతో పొగాకు వేసిన మనిషి.

"నీళ్లు కొట్టకండి బాబూ! నిప్పు కాదండి, ఆకు మగ్గుతోందండి. ఏడాది కష్టమండీ!"

ఆయన భార్య సత్యవతి గారు వెనక నుంచి అందుకున్నారు. "కొట్టెయ్యండి బాబూ. ఆ కంపుకి నాకు అన్నం సయించట్లేదు. ఫోను చేసింది నేనేనండి. పొగొస్తంటే ఊరుకోమంటారేంటండి?"

నవ్వొచ్చింది గానీ, తాటాకిళ్లు చూసి ఆపుకున్నాను.

ఎండిన ఆకును కాస్త తడిపి, కుప్పగా పేర్చి, గోనెలు కప్పితే లోపల వేడెక్కి పులుస్తుంది. ఘాటు తగ్గి కమ్మని వాసన పడుతుంది. ఆ కుప్పనే మండె అంటారు. వేడి పెరిగినప్పుడల్లా దాన్ని విప్పి, లోపలి ఆకు పైకి, పై ఆకు లోపలికి మార్చి పేర్చాలి. వెంకటరత్నం గారు తాటిబెల్లం పానకంలో యాలకులు, లవంగాలు కాచి చల్లారట. అది చాలదనిపించి పనసతొనల రసం కూడా పోశారట. గోనెలకు బదులు టార్పాలిన్ కప్పి, తిప్పడం మాత్రం మానేశారు.

చెయ్యి దూర్చి చూశాను. మోచేతిదాకా వెళ్లకముందే చురుక్కుమంటే లాక్కున్నాను. తడిగడ్డి మేట్లు లోపలి వేడికే అంటుకున్న సందర్భాలు మా శాఖలో అందరికీ తెలుసు. తొందరపడి విప్పితే గాలి తగిలి భగ్గుమనొచ్చు కూడా. గొట్టంలో నీరు నింపి, మనిషిని సిద్ధంగా నిలబెట్టి, పొర తర్వాత పొర విప్పించాను. "ఒక్క నిప్పురవ్వ కనబడినా కొట్టిస్తానండి" అని ముందే చెప్పాను. "ఆయ్" అని ఆయన కళ్లు మూసుకున్నారు.

నిప్పు లేదు. నడిమధ్య, పనస రసం పోసిన చోట, ఆకు తారులా నల్లబడి పొగలు కక్కుతోంది. దాన్ని తీసి పారేయించాను. మిగతాది మా వాళ్లే అరుగు మీద పరిచారు. చల్లారేకొద్దీ వాసన మారింది.

"ఇదేంటండీ, పాయసం వాసనొస్తంది!" అన్నారు సత్యవతి గారు. వెంకటరత్నం గారి ఛాతీ కాస్త పైకి లేచింది. ఆవిడ లోపలికి వెళ్లి అందరికీ కాఫీ తెచ్చారు.

దారిలో లీడింగ్ ఫైర్‌మన్, అంటే సిబ్బందిని ముందుండి నడిపే మనిషి, దీన్ని ఉత్తుత్తి పిలుపుగా రాద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఇంకో పూట ఆగితే ఆ తాటాకిళ్ల సంగతి చెప్పలేం. మంట కనబడలేదని వెనుదిరగకూడదు, పొగ తెల్లగా లేస్తోందని నీళ్లు గుమ్మరించనూ కూడదు. గొట్టం పట్టుకోవడం శిక్షణలో అందరికీ నేర్పుతారు. పట్టుకుని ఆగడం మాత్రం నేను అక్కడే నేర్చుకున్నాను.