నీళ్లు ముట్టని బావి మేస్త్రీ

కుందారపల్లిలో నలుగురు మేస్త్రీలు వదిలేసిన బండను పగలగొట్టి నీళ్లు పడేలా చేయడం గుర్రప్ప మొదటి గెలుపు. ఆ తరువాత తవ్విన బావులన్నిటినీ ఊరూరా పేరుపేరునా చెప్పుకునేవాడు. కొత్త బావిలో నీళ్లు పడేదాకా, పనిలో ఉన్నంతసేపు గుక్కెడు నీళ్లు తాగకూడదన్నది వాళ్లింటి ఆచారం. ఎండకు పెదవులు చిట్లినా నాలుకతో తడుపుకుని సమ్మెట ఎత్తేవాడు. వేప్పనపల్లి బావిలో నడుము పట్టుకుని కూలబడితే, కూలీలు కృష్ణగిరి ఆసుపత్రికి మోసుకుపోయారు.

“మాంసం మితిమీరితే వచ్చే రాయి వేరు, మూత్రంలో చీము పట్టి వచ్చేది వేరు. నీది నీళ్లు తాగక సున్నం గట్టిపడిన రాయి. కోసి తీయకపోతే మూత్రపిండం పోతుంది,” అన్నాడు డాక్టరు.

“ఊళ్లకే నీళ్లు ఇచ్చినోణ్ణి సామీ! నాకు నీళ్లు తక్కువంటావా?” గుర్రప్ప మంచం దిగబోయాడు.

భార్య కాళమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. “ఊళ్లకిచ్చినావు, నీ గొంతులో చుక్క పోసుకున్నావా? నా మరిదీ ఇట్లే కడుపు పట్టుకుని పోయినాడు. ఇంకెంతమందిని మింగల్ల మీ ఆచారం? కోయండి సామీ!”

తమ్ముడి మాట వినగానే గుర్రప్ప దిగబోయిన కాళ్లు మళ్లీ మంచం మీదికి తీసుకున్నాడు. కూలీల మీద విరుచుకుపడ్డాడు. “ఈడేం చూస్తారు? పోయి పని చూడండి. నీళ్లు తాగి దిగండి, గాడిదల్లారా!”

కోసి రాయి తీశాక, మేస్త్రీ 1958 మే పన్నెండు, సోమవారం పనికి వస్తాడని వేప్పనపల్లికి కబురు పోయింది.