స్వాతి పేరు మీద టెంకాయ

ఎమ్మిగనూరు పక్క పల్లెలో తిక్కయ్య పాము మంత్రానికి గొప్ప పేరు. కాటు తగిలి బతికినవాళ్లు ఆయన చూరుకు తమ పేరు రాసిన ఎర్రగుడ్డలో టెంకాయ కట్టి పోవాలి. అవి ఎన్ని వేలాడుతున్నాయంటే, తల వంచనిదే ఆ ఇంట్లోకి పోలేము. చదువులేని తిక్కయ్యకు ఆ టెంకాయలే డిగ్రీ.

మగ్గం నేసే నీలమ్మ మొగుణ్ణి నాగుపాము కరిస్తే అక్కడికే మోసుకుపోయారు. వేపాకు నమిలించి, చెవిలో మంత్రం ఊది, గోడకు ఆనించారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పథ్యం తప్పి ఉప్పు తిన్నాడని తిక్కయ్య తేల్చేశాడు. చచ్చేవాడికి ఉప్పు ఎవరు పెట్టారని నీలమ్మ అడిగితే, దుఃఖంలో మతి చెడిందన్నారు.

నిజానికి ఆమె మతి అప్పుడే పనిచేయడం మొదలుపెట్టింది. బతికినవాళ్లను కరిచింది విషప్పామేనని ఎవరు చూశారు? పోయినవాళ్ల సంగతి ఎవరు చెబుతారు? ఇంటింటికీ పోయి ఒకటే మాట.

"సచ్చినోళ్లు టెంకాయ కట్టరు గదప్పా. పాము కరిస్తే ఆదోని ఆసుపత్రికి పోండి."

తాళి తెగినా దీని నోరు తగ్గలేదని నవ్వుకున్నారు. పక్కింటి మల్లేశ్వరి ఒక్కతే నవ్వకుండా విన్నది.

తర్వాత పత్తిచేనులో కూతురు స్వాతిని పాము కరిచింది. నీలమ్మ ఎవరినీ అడగలేదు. ఆటోలో వేసుకుని ఆదోనికి పరుగెత్తింది. సూదిమందు పడింది, పిల్ల బతికింది. ఇంటి దగ్గర అత్త చౌడమ్మ తిక్కయ్యకు ఫోన్ చేసింది. ఆయన ఫోన్లోనే మంత్రం వేశాడు. వీళ్లు తిరిగి రాకముందే చౌడమ్మ మనవరాలి పేరు మీద టెంకాయ కట్టి, వీధంతా చెప్పుకుంది.

నీలమ్మ ఒళ్లు మండింది. దాన్ని తెంపి పారేయడానికి బయలుదేరింది. కట్టిన టెంకాయ దించితే ఆ పామే మళ్లీ వస్తుందని అత్త అడ్డం పడింది. మంచం మీద పిల్ల మూలిగింది. దేనికీ బెదరని నీలమ్మ ఆ ఒక్క మాటకు బెదిరి, గడప దాటకుండా ఆగిపోయింది.

వానలు పడ్డాక మల్లేశ్వరి మొగుడు బాలరాజును కట్లపాము కరిచింది. సంగతి తెలిసి నీలమ్మ ఆటో తెచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. సాయంత్రానికి శవం వచ్చింది. ఇతనూ ఉప్పు తిన్నాడట.

ఆదోనికి ఎందుకు పోలేదని నీలమ్మ ఏడుస్తూ అడిగింది. మల్లేశ్వరి కళ్లు ఎత్తి చూసింది.

"ఆదోనికే పోతాంటిమి అక్కా. దావలో ఆయప్ప సూరుకు మీ స్వాతి టెంకాయ కనపడె. నువ్వు గూడా నమ్మినావనుకొని ఆడనే దిగితిమి."