ఆల్బీ దవడ మీద చెయ్యి

గోధుమ పొలాల మధ్య ఉన్న మా చిన్న ఊరు విరాబూల్‌లో మంగలి షాపు మూతపడి చాలా ఏళ్లయింది. ఆ షాపు క్లారీ గెర్లాక్‌ది. అతని కూతురు నోలీన్ బడి వదలగానే అక్కడికి వచ్చి, బెలూన్‌కు నురుగు పూసి, కత్తితో ఆ నురుగు తీస్తూ పని నేర్చుకుంది. బెలూన్ పేలితే తండ్రి ఏమీ అనేవాడు కాదు, ఇంకోటి ఊది ఇచ్చేవాడు. పేలడం మానేశాకే ఆమె చేతికి మనిషి మొహం ఇచ్చాడు.

ఊళ్లో జనం తగ్గారు, షాపు పోయింది. నోలీన్ వృద్ధుల హోమ్‌లో బట్టలు ఉతికే పనిలో చేరింది. నేను అదే హోమ్‌లో మరమ్మతులు చేసేవాణ్ణి. కుళాయిలు, తలుపులు, మంచాల చక్రాలు నా పని. అక్కడ మగవాళ్ల గడ్డాలకు కరెంటు మెషీన్ వాడేవారు. చెంపల మీద అటూ ఇటూ తిప్పి వదిలేస్తే గొంతు కింద తుప్పలు అలాగే మిగిలేవి. నోలీన్ కొన్నాళ్లు చూసింది. చూడలేక ఒకరోజు తండ్రి బ్రష్షు, గిన్నె, కత్తి తెచ్చి, దుప్పట్లు ఉతికే మెషీన్‌లో పడేసి, అవి తిరిగేలోపు ఒకాయనకు గడ్డం గీసింది. ఆ పని చెయ్యమని ఎవరూ అనలేదు. వద్దని కూడా అనలేదు. జీతంలో కలపలేదు.

ఆమెకు బాగా ఇష్టమైన మొహం ఆల్బీ నిష్కేది. బతుకంతా గోధుమ పండించినవాడు. పక్షవాతం వచ్చాక ఆయనకు ఒక్క మాటే మిగిలింది: వాన. టీ కావాలా అన్నా వాన, నొప్పిగా ఉందా అన్నా వాన. మా వైపు రైతుకు ఆ మాటే మిగలడంలో వింతేమీ లేదు.

"ఏం ఆల్బీ, చేను బాగా పెరిగిందే. కోత మొదలుపెట్టనా?"

"వాన."

"మబ్బే లేదు, వానెక్కడిది? సాకులు చెప్పకుండా తల ఎత్తు."

ఆల్బీ తల ఎత్తేవాడు. ఆమె బొటనవేలు దవడకు ఒక పక్క, మిగతా వేళ్లు రెండో పక్క ఆనించి చర్మాన్ని కాస్త లాగి పట్టేది. ముసలి చర్మం తడి కాగితం లాంటిది. లాగి పట్టాలి గానీ నొక్కకూడదు. ఆ తేడా తెలిసిన చెయ్యి కాబట్టే ఆల్బీ ఆ చేతిలో కళ్లు మూసుకునేవాడు.

ఒకరోజు పొద్దున నేను ఆ గదిలో కుళాయి విప్పుతున్నాను. నోలీన్ నురుగు పూయబోయి ఆగింది.

"ఇటు రా. ఇది చూడు."

ఆల్బీ దవడకు ఒక పక్క గుండ్రంగా నీలం మచ్చ. రెండో పక్క వరుసగా మరికొన్ని. ఆమె ఎప్పటిలా చెయ్యి ఆనించింది. బొటనవేలు మచ్చ మీదే పడింది. మిగతా వేళ్లూ అంతే. చెయ్యి తీస్తే ఆ వేళ్ల కన్నా మచ్చలే కాస్త పెద్దవి.

"నావి కావు. నేను పట్టుకునే చోటే ఎవరో పట్టుకున్నారు. పట్టుకుని నొక్కారు," అంది.

ఆల్బీకి పొద్దుట తినిపించేది బ్రాడ్ హెన్నెసీ. శనివారాల్లో మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోల్స్ కొట్టేది కూడా వాడే. వాళ్ల అమ్మ జానిస్, నోలీన్ కలిసి క్లబ్‌లో పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడతారు. వాడు పుట్టినప్పటి నుంచి నోలీన్‌కు తెలుసు.

హోమ్‌లో మేము టీ తాగే గది గోడ మీద చట్టం అంటించి ఉంది. హింస జరిగిందన్న అనుమానం వస్తే వెంటనే పైవాళ్లకు చెప్పాలి. ప్రమాదకరమైనదైతే వాళ్లు ఒక రోజు లోపల ఇలాంటి హోమ్‌లను తనిఖీ చేసే ప్రభుత్వ కమిషన్‌కు తెలియజేయాలి. రుజువు తెమ్మని ఎవరూ అడగకూడదు. ఏటా మమ్మల్ని కూర్చోబెట్టి, సాసేజ్ రోల్స్ పెట్టి, అది చదివి వినిపిస్తారు. మేము తింటూ తలూపుతాం.

కానీ మా ఊళ్లో బడిలోనే నేర్పే చట్టం ఇంకొకటుంది. ఒకడి మీద ఏమున్నా ముందు వాడి మొహం మీద అడగాలి. వెనక నుంచి పైవాడి దగ్గరికి పోయినవాడు చాడీకోరు. చాడీకోరుకు బార్‌లో పక్కన ఎవరూ కూర్చోరు. ఈ పద్ధతిని మేము నిజాయితీ అని పిలుచుకుంటాం. నోలీన్ ఆ నిజాయితీలోనే పెరిగింది. అందుకే ఆఫీసుకు పోకుండా, బ్రాడ్ సిగరెట్ తాగే చోటికి పోయింది.

"ఆల్బీ దవడ పట్టుకుని తినిపిస్తున్నావురా?"

"నోరు తెరవడు నోలీన్. ఆ వరస గదులన్నీ నేనొక్కణ్ణే చూడాలి. ఎలా తినిపించాలో నువ్వే చెప్పు."

"ఆయన తెరిచేదాకా ఆగాలి."

"ఆగితే మిగతావాళ్ల గంజి చల్లారిపోతుంది."

"చల్లారనీ. మళ్లీ ఆ మచ్చలు కనబడితే పైకి చెబుతా. నీ మొహం మీదే చెబుతున్నా, విను."

"సరేలే. అమ్మతో అనకు."

తనకు తెలిసిన ధర్మం ప్రకారం ఆమె మంచి పనే చేసింది. ఆ మంచితనం వాడికి వ్యవధి ఇచ్చింది. వాడు నేరుగా మేనేజర్ కెరిన్ స్టబ్స్ దగ్గరికి పోయి, నోలీన్ గడ్డం గీసేటప్పుడు ఆల్బీని గట్టిగా అదిమి పడుతోందని, చూడలేకపోతున్నానని చెప్పాడు.

ఆ తరువాతి వారం ఆల్బీ దవడ మీద పాత మచ్చల పైనే కొత్తవి పడ్డాయి. కింది పెదవి లోపల చెంచా తగిలి తెగింది. నోలీన్ గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని ఆఫీసుకు వెళ్లింది. నేను అక్కడ నిచ్చెనెక్కి ఏసీ విప్పుతున్నాను. నిచ్చెన మీద ఉన్నవాడికి చెవులుంటాయని ఆఫీసుల్లో ఎవరికీ గుర్తుండదు.

నోలీన్ చూసిందంతా చెప్పింది. కెరిన్ ఓపిగ్గా విని నవ్వింది.

"కూర్చో నోలీన్. ఈ వయసులో చర్మం ఊరికే కమిలిపోతుంది, నీకు తెలియనిదా? కాస్త ఆలోచించు. ఈ హోమ్‌లో రోజూ ఆల్బీ దవడ పట్టుకునేదెవరు?"

"నేను."

"కత్తి పట్టుకుని. ఎవరూ చెయ్యమనని పని. ఇది పైకి పోతే ముందు ఎవరిని అడుగుతారు?"

"నన్నే."

"అందుకే అంటున్నా. ముందు మనలో మనం తేల్చుకుందాం. తొందరేముంది?"

"తేల్చడానికి నువ్వెవరు, నేనెవరు? అనుమానం ఉంటే చెప్పాలన్నావు. నువ్వే చదివావు కదా, రోల్స్ పెట్టి."

"నోలీన్, ఇన్‌స్పెక్టర్లు వస్తే ఈ హోమ్ ఉండకపోవచ్చు. వీళ్లందరినీ పట్నం పంపాలి. ఆ పాపం నీకు కావాలా?"

నోలీన్ కెరిన్ బల్ల మీది ఫోన్ తన వైపు తిప్పుకుంది. కమిషన్ నంబరు గోడ మీదే ఉంది. కమిషన్ మనిషి పలికాక తన పేరు చెప్పింది.

"ఒక ముసలాయన్ని ఎవరో గాయపరుస్తున్నారు. ఆయన మొహం ముట్టుకునేవాళ్ల పేర్లు రాసుకోండి. మొదటి పేరు నాదే. గెర్లాక్. రెండోది హెన్నెసీ. అవును, నా మీద కూడా అనుమానపడండి. నన్నూ ఆపండి, వాణ్ణీ ఆపండి. ఈ రోజే."

నేను నిచ్చెన దిగాను. కెరిన్ నన్ను చూసి, "నువ్వెప్పుడొచ్చావు?" అంది.

"నువ్వు రాకముందే ఉన్నాను. అడిగితే విన్నదంతా చెబుతాను."

ఇద్దరినీ పనిలోంచి ఆపారు. ఇద్దరినీ ఆపితే ఊరు బాధపడింది ఎవరి కోసం? బ్రాడ్ కోసం. ఫైనల్స్ దగ్గర పడ్డాయి కదా. జానిస్ బౌల్స్ క్లబ్‌లో నోలీన్ పక్క నుంచి కుర్చీ లాక్కుని వేరే బల్ల దగ్గర వేసుకుంది. "హోమ్ మూసేస్తే మా అమ్మను నీ ఇంట్లో పెట్టుకుంటావా?" అని షాపులో ఒకడు అడిగాడు. ఆ అమ్మను చూడ్డానికి వాడు ఆఖరుసారి ఎప్పుడొచ్చాడో నాకు తెలుసు, ఆ తలుపులు బాగుచేస్తూ వచ్చేపోయేవాళ్లను చూసేది నేనే కనక. "చాడీకోరు" అని ఆమె కారు దుమ్ము మీద వేలితో ఎవరో రాశారు. ఆల్బీ పెదవి ఎలా తెగిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

విచారణకు వచ్చినామె నోలీన్‌ను చాలాసేపు అడిగింది, దొంగను అడిగినట్టే. నోలీన్ దేనికీ నొచ్చుకోలేదు. నేను విన్నది నేను చెప్పాను. నోలీన్ తన పేరే ముందు ఇచ్చిందని తెలిశాక, బ్రాడ్‌తో పనిచేసే రోసలీ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి నోరు విప్పింది. ఉద్యోగం పోతే దేశం వదలాల్సినదామె. "బ్రాడ్ దవడ నొక్కి చెంచా తోస్తాడు. చాలాసార్లు చూశాను," అంది.

బ్రాడ్ హోమ్ వదిలి ధాన్యం గోదాముల్లో చేరాడు. ఫైనల్ ఆడాడు, చప్పట్లు కొట్టారు. కెరిన్‌కు ఒక హెచ్చరిక వచ్చింది. ఆమె అదే కుర్చీలో ఉంది. హోమ్ మూతపడలేదు. తినిపించడానికి ఇంకో మనిషిని పెట్టారు. ముందే పెట్టి ఉంటే సరిపోయేది.

నోలీన్‌ను వెనక్కి పిలిచారు. ఆమె గిన్నె, బ్రష్షు తీసుకుని ఆల్బీ గదికి వెళ్లింది. గది తలుపు బందు బిగిస్తున్నాను నేను.

"ఏం ఆల్బీ, చేను పాడుపెట్టావే. కోత మొదలుపెట్టనా?"

ఆమె చెయ్యి దవడ దగ్గరికి వెళ్లగానే ఆల్బీ తల గోడకు కొట్టుకునేంత వేగంగా పక్కకు లాక్కున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వాన అని కూడా అనలేదు.

నోలీన్ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఊరు ఏమన్నా ఏడవని మనిషి కళ్లు అప్పుడు ఎర్రబడ్డాయి. అది దుఃఖం కాదు, తన మీద తనకే కోపం. ఆ మొహం నాకు తెలుసు.

"ఫోన్ చెయ్యకుండా వాడి దగ్గరికి పోయాను చూడు. ఆ వారం రోజులూ ఈయన మొహం మీదే గడిచాయి," అంది. "మొహం మీద చెప్పాలట. ఎవరి మొహం మీద?"

తరువాత ఆమె కత్తి మూసి జేబులో పెట్టుకుంది. కుర్చీ దూరంగా లాక్కుని కూర్చుంది. బ్రష్షు నురుగులో ముంచి ఆల్బీకి పనిచేసే చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆయనకు కనబడేలా, కదలకుండా కూర్చుంది. కింద మెషీన్‌లో దుప్పట్లు తిరగడం ఆగిపోయిందని ఎవరో కేకేశారు.

"ఆగనీ," అంది నోలీన్.